బరువులెత్తితే నడుం, తుంటి నొప్పి: జిమ్ మానకుండా దారిలో పెట్టుకోవడం ఎలా

బెజవాడలోనైనా గుంటూరులోనైనా జిమ్‌లో నడుం పట్టేసినవాడికి రెండే సలహాలు దొరుకుతాయి. "ముందు ఆ జిమ్ మానెయ్, డిస్క్ జారిపోతుంది" అని ఇంట్లోవాళ్లు. "ఏం కాదన్నా, బెల్టు బిగించి లాగెయ్" అని పక్కన బరువులెత్తే తమ్ముడు. రెండూ ప్రేమతో చెప్పేవే, రెండూ పనికిరానివే. మానేస్తే నొప్పి తగ్గొచ్చు గానీ, ఆర్నెల్ల తర్వాత మళ్లీ బార్ పట్టుకున్న రోజున అక్కడే వస్తుంది. బెల్టు బిగించి లాగితే అంతకన్నా ముందే వస్తుంది. చేయాల్సింది ఏమిటంటే, నొప్పి ఏ కీలుదో కనుక్కుని, దాన్ని రేపే ఒకటి రెండు కదలికలనే పక్కన పెట్టి, మిగతావి నడుపుతూ, పక్కన పెట్టినవాటిని మెల్లగా వెనక్కి తెచ్చుకోవడం. వరుస తప్పకుండా చేయండి.

ముందు ఈ తనిఖీ

కొన్ని లక్షణాలుంటే ఈ వ్యాసం పక్కన పెట్టేసి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మూత్రం ఆగిపోయినా, మల మూత్రాల మీద పట్టు తప్పినా, సైకిల్ సీటు ఆనే చోటంతా మొద్దుబారినా, కాళ్లలో బలం తగ్గుతున్నా అదే రోజు, రాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లండి. నడుస్తుంటే ఒక కాలి చెప్పు మాత్రమే ఊరికే జారిపోతోందా? పాదాన్ని పైకెత్తే నరం నలిగితే అలా అవుతుంది, అదీ ఆగే పని కాదు. నడుం నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, బండి మీంచి పడ్డ తర్వాత మొదలవడం, ఇవి ఉన్నా అంతే. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లోనూ విజయవాడ జీజీహెచ్‌లోనూ ఎముకల విభాగం ఓపీ ఉంటుంది. ఖర్చుకు భయపడి వాయిదా వేయొద్దు.

ఇంకొకటి కుర్రాళ్లు ఎక్కువగా మిస్సవుతారు. నలభై లోపు వయసు, మూడు నెలలు దాటిన నొప్పి, పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి తిరిగేకొద్దీ సడలుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఇది బరువులెత్తడం వల్ల వచ్చిన నొప్పి కాకపోవచ్చు. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే కీళ్లవాతం ఇలాగే మొదలవుతుంది. దానికి చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకి.

ఒక్క వేలితో చూపించండి

"ఎక్కడ నొప్పి?" అని డాక్టర్ అడిగితే మనవాళ్లు అరచెయ్యి మొత్తం వెనక తిప్పి "ఇక్కడంతా అండీ" అంటారు. అలా కాదు. నిలబడి, నొప్పి బాగా ఎక్కువున్న చోట ఒక్క వేలు పెట్టండి. మీరు చేయాల్సిన మార్పుల్లో సగం ఆ వేలే చెబుతుంది.

వేలు బెల్టు గీత మీదో, అంతకన్నా పైనో, మధ్యలో పడితే అది నడుం వెన్నుపూసల ప్రాంతం. ముందుకు వంగితే పెరుగుతోందా, వెనక్కి విరుచుకుంటే పెరుగుతోందా చూడండి. ముందుకు వంగితే పెరిగేది ఎక్కువగా డిస్కుల (పూసల మధ్యనుండే మెత్తల), కండరాల వ్యవహారం. వెనక్కి విరుచుకుంటే పెరిగేది పూసల వెనకుండే చిన్న కీళ్లది. ఇరవై లోపు కుర్రాడికి, అందులోనూ ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడికి, విరుచుకుంటే ఒక పక్క పోటు వస్తుంటే మాత్రం పూసలో సన్నటి పగులు ఉందేమో చూపించాలి.

వేలు బెల్టు గీత కిందకి, ఒక పక్కకి, పిరుదు పైన చిన్న గుంట పడే చోటికి వెళ్తే ఎస్‌ఐ జాయింట్‌ను అనుమానించాలి. వెన్నెముక చివరనుండే త్రికాస్థి, తుంటి ఎముక కలిసే కీలు అది. దీని గుర్తులు జిమ్‌లో కన్నా ఇంట్లోనే బాగా తెలుస్తాయి: మంచం మీద పక్కకు తిరిగితే చురుక్కుమంటుంది, ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కోవడం కష్టం, బండి ఎక్కేటప్పుడు కాలు అవతలికి వేస్తే పోటు. ఈ కీలు కదిలేదే చాలా కొద్దిగా, మిల్లీమీటర్లలో. కాబట్టి "జాయింట్ పక్కకు జరిగింది, ఒక్క నొక్కుతో సెట్ చేస్తాం" అనేవాళ్ల మాట నమ్మకండి. టక్కుమని శబ్దం వస్తుంది, కాసేపు హాయిగానూ ఉంటుంది, అంతే. కీలు ఎక్కడికీ పోలేదు, ఎక్కడి నుంచీ రాలేదు.

నొప్పి గజ్జలో, అంటే తొడ మొదట్లో ముందువైపు ఉంటే అది అసలు తుంటి కీలుది. వేలితో చూపించమంటే చాలామంది బొటనవేలు వెనక, మిగతా వేళ్లు ముందు పెట్టి తుంటిని గుప్పిట్లో పట్టుకున్నట్టు చూపిస్తారు. స్క్వాట్‌లో, అంటే బరువుతో గొంతుక్కూర్చుని లేచేటప్పుడు, కిందికి దిగాక ఏదో నొక్కుకున్నట్టు ఉంటుంది. వ్రతానికి బాసింపట్టు వేసుకుని గంట కూర్చుంటే లేవడం కష్టం, కాలి గోళ్లు తీసుకోవడం కష్టం. ఇలాంటి నొప్పి వారాల తరబడి ఉండి, మీకు తాగుడు బాగా అలవాటున్నా, ఏదైనా జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడి ఉన్నా తాత్సారం చేయొద్దు. తుంటి కీలులో బంతిలా ఉండే తొడ ఎముక తలకు రక్తప్రసరణ తగ్గి ఎముక దెబ్బతినే జబ్బు ఒకటుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్‌ఐలోనే తెలుస్తుంది. వాడిన మందుల సంగతి డాక్టర్‌కి మీరే చెప్పాలి.

తుంటికి బయటివైపు, ఆ పక్కకు తిరిగి పడుకోలేనంతగా ఉంటే పిరుదు కండరాల స్నాయువుల నొప్పి. పిరుదులో మొదలై మోకాలు దాటి పాదం దాకా కరెంటు లాగినట్టు పాకితే సయాటికా. ఈ రెండో రకానికి సొంత వైద్యం కాదు, ఫిజియోథెరపిస్టు చేయి పడాలి.

ఇక్కడే ఎంఆర్‌ఐ గురించి ఒక మాట. నడుం పట్టేసిన మూడో రోజే స్కానింగ్ తీయించుకుని, రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని చూసి బెంబేలెత్తిపోయేవాళ్లు చాలామంది. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా ఇరవై ఏళ్ల వయసులో దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది, ఎనభై ఏళ్లకు 84 శాతం మందికి. రిపోర్టులో ఉన్నదే మీ నొప్పికి కారణమని లెక్క కాదు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకపోతే ఆ డబ్బుతో మంచి ఫిజియో దగ్గర నాలుగు సిట్టింగులు తీసుకోవచ్చు.

మొదటి వారం: పడుకోవద్దు

పూర్తి బెడ్ రెస్ట్ నడుం నొప్పిని పొడిగిస్తుంది. ఒకటి రెండు రోజులు బాగా పట్టేస్తే సరే, ఆ తర్వాత నడవండి. బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో రోజుకు రెండు మూడు విడతలు, విడతకు పదిహేను నిమిషాలు. వేడి కాపడం పెట్టుకుంటే కండరం సడలుతుంది. పక్కకు తిరిగి పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, ఎస్‌ఐ జాయింట్ నొప్పికి దీనంత చవకైన ఉపశమనం లేదు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్ లాంటి మాత్రలతో జాగ్రత్త. కడుపుకి, కిడ్నీలకి దెబ్బ. బెజవాడ మే నెల ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా తప్పు, మాత్ర వేసుకుని వెళ్లి బరువులెత్తడం. నొప్పి మీకు చెప్పాల్సిన మాట నోరు నొక్కేసినట్టే.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకుంటే పోతుందని మా వైపు ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతారు. మామూలుగా పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి, ఆ మధ్యలో ఎవరు తన్నినా వాళ్లకే పేరొస్తుంది. తన్నించుకోవద్దు.

జిమ్‌కి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. బెంచ్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్, ఛాతీ ఆనించి చేసే రోయింగ్ లాంటివి నొప్పి లేకుండా వస్తే చేసుకోండి. లెగ్ ప్రెస్ మాత్రం సేఫ్ అనుకోకండి. మోకాళ్లు ఛాతీ దాకా తెచ్చేస్తే పిరుదులు సీటు మీంచి లేస్తాయి, ఆ క్షణంలో బరువంతా వంగిన నడుం మీదే ఉంటుంది.

నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. చేసేటప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ముందురోజు స్థాయికి వచ్చేయాలి. ఈ రెండు షరతులూ దాటని వ్యాయామం ఏదైనా చేయొచ్చు.

మీ జిమ్‌లో బార్ ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

స్టువర్టుపురం కుర్రాడు, వెయిట్‌లిఫ్టర్ రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచాడు. అలాంటి పోటీల్లో వాడే రబ్బరు ప్లేట్లు 10 కిలోలదైనా 25 కిలోలదైనా అడ్డంగా 45 సెంటీమీటర్లే. అంటే బార్ ఎప్పుడూ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, కొత్తగా నేర్చుకునే పిల్లాడికైనా ఛాంపియన్‌కైనా. మన సందుల్లోని జిమ్‌లలో ఉండేవి పాత ఇనప ప్లేట్లు. 10 కిలోల ప్లేటు చిన్న పళ్లెమంతే ఉంటుంది. అది తగిలించి డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం) చేస్తే బార్ ఇంకా కిందకు పోతుంది. అంటే తక్కువ బరువెత్తే కొత్తవాడు ఛాంపియన్ కన్నా ఎక్కువ లోతుకు వంగాలి. తొడల వెనక కండరాలు బిగుసుకుని ఉన్నవాడు అంత కిందకు తుంటితో వెళ్లలేడు, నడుం గుండ్రంగా వంచేసి అందుకుంటాడు. పాపం "ఫామ్ బాలేదు బ్రో" అని తిట్లు కూడా వాడికే.

కాబట్టి ముందు టేపు పట్టుకెళ్లండి. బార్ మధ్య భాగం 22.5 సెంటీమీటర్ల కన్నా కింద ఉంటే రెండు వైపులా సమానంగా రబ్బరు మ్యాటో, చెక్క దిమ్మో, బోర్లా పడుకోబెట్టిన ప్లేట్లో వేసి లేపండి. నొప్పి ఉన్నప్పుడైతే ఇంకా పైకి, మోకాలి కింద నాలుగు వేళ్ల ఎత్తుకు తీసుకురండి. ఆ ఎత్తులో నొప్పి లేకుండా లేస్తే మీ సమస్య బరువు కాదు, లోతు. ఆ ఒక్క పరీక్షతో చాలామందికి విషయం తేలిపోతుంది. బార్ బరువు కూడా ఒకసారి కాటా మీద పెట్టి చూడండి. అన్ని జిమ్‌ల బార్లూ 20 కిలోలు ఉండవు.

తర్వాత ఫోన్‌తో వీడియో తీయించండి. పక్క నుంచి కాదు, అది అందరూ తీస్తారు. వెనక నుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పట్టుకుని. లేచేటప్పుడు తుంటి ఒక పక్కకు జారుతోందా, ఒక పాదం ముందుకుందా, ఒక అరచెయ్యి బయటికి ఒకటి లోపలికి పట్టుకున్నందుకు ఒళ్లు మెలి తిరుగుతోందా చూడండి. ఎస్‌ఐ జాయింట్ నొప్పి ఉన్నవాళ్లకు ఇలా ఒక పక్కకే పడే బరువే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వాళ్లు రెండు చేతులూ ఒకేలా పట్టుకుని, కాళ్లు తుంటి వెడల్పులోనే ఉంచి చేయాలి. బాగా వెడల్పుగా కాళ్లు పెట్టే సుమో పద్ధతి, ఒక కాలు ముందుకు వేసి దిగే లంజెస్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

గజ్జలో నొక్కుకునేవాళ్లకు దాదాపు తిరగేసి చెప్పాలి. కాళ్లు కాస్త వెడల్పుగా, పాదాలు కాస్త బయటికి తిప్పి, నొక్కుడు మొదలవడానికి ముందే ఆగండి. వెనక బెంచీ పెట్టి దాని మీదకు కూర్చుని లేస్తే ఆ లోతు రోజూ ఒకేలా ఉంటుంది. ఆ ఎముక తల కూర్చునే తుంటి గిన్నె ఎంత లోతుగా ఉంది, ఎటు తిరిగి ఉంది అన్నది మనిషికీ మనిషికీ తేడా. పక్కవాడు పూర్తిగా గొంతుక్కూర్చుని లేస్తున్నాడని మీరూ దిగాల్సిన పని లేదు.

"ఛాతీ పైకి, నడుం లోపలికి" అని ట్రైనర్లు కేకేస్తుంటారు. గుండ్రంగా వంగేవాడికి అది మంచిదే. అప్పటికే విరుచుకుని నిలబడే అలవాటున్నవాడికి మాత్రం నొప్పి పెంచుతుంది. పక్కటెముకలు కిందికి, పొట్ట చుట్టూ గాలి నింపి బిగించి, నడుం ఎలా ఉందో అలాగే ఉంచి ఎత్తడమే కావలసింది. బెల్టు చేసేదల్లా ఆ బిగింపుకు ఆనుకోడానికి ఒక గోడ ఇవ్వడమే, పొట్ట బిగించడం రానివాడికి అది అలంకారం. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

బూజు కర్రతో నేర్చుకోండి

నడుం కాకుండా తుంటి దగ్గర వంగడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. బూజు కర్రను వెన్ను వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక భాగం, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. గోడ వైపు వీపు పెట్టి అడుగు దూరంలో నిలబడి, మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి వెళ్లండి. మూడింట్లో ఒక చోట కర్ర విడిపోయిందంటే నడుం వంగినట్టే. తాకడం తేలికైపోతే రెండంగుళాలు ముందుకు జరగండి. అద్దం కన్నా, ట్రైనర్ కన్నా కర్ర నిజం చెబుతుంది.

దీంతో పాటు మూడు పనులు చాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి పిరుదులు పైకి లేపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి కాలు చాపడం, పక్కకు మోచేతి మీద ఆనుకుని తుంటి లేపడం. ఒక్కోటి పది సెకన్లు పట్టి ఉంచి వదలండి, అలా ఐదారుసార్లు. యూట్యూబ్‌లో చూపించే ఇరవై రకాలు అక్కర్లేదు.

బరువు తిరిగి ఎక్కించడం

నొప్పి రాకముందు ఎత్తిన బరువులో సగంతో, లేపిన బార్‌తో మొదలుపెట్టండి. ఎనిమిదేసి చొప్పున రెండు సెట్లు, వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజులు గ్యాప్. మర్నాడు పొద్దున నడుం మామూలుగానే ఉంటే తర్వాతిసారి మొత్తం మీద ఐదు కిలోలు పెంచండి. బిగుసుకుని ఉంటే పెంచకండి. ఇంకా ఎక్కువైతే ఒక మెట్టు దిగండి. పాత బరువులో ముప్పాతిక వంతుకు వచ్చాక అప్పుడు దిమ్మల ఎత్తు తగ్గిస్తూ రండి. బరువూ లోతూ ఒకే వారంలో పెంచొద్దు, నొప్పి వస్తే దేనివల్లో తెలియదు.

కండరం పట్టుడైతే రెండు మూడు వారాల్లో దారికొస్తుంది. కీళ్లు, స్నాయువులు నెలలు తీసుకుంటాయి. ఆరు వారాలైనా ఏ మార్పూ లేకపోతే మళ్లీ మొదటి మెట్టుకు, డాక్టర్ దగ్గరకు.

ఎండాకాలంలో మనం ఐదింటికే లేచి జిమ్‌కి పరిగెత్తుతాం, వేరే దారి లేదు. కానీ రాత్రంతా పడుకున్నాక వెన్ను డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. జిమ్‌కి నడిచే వెళ్లండి, లేదా వెళ్లాక ముందు పైశరీరం వ్యాయామాలు చేసి డెడ్‌లిఫ్ట్, స్క్వాట్ చివర పెట్టుకోండి. పూర్తిగా తగ్గేదాకా సాయంత్రానికి మార్చుకోగలిగితే ఇంకా మేలు. మెత్తటి రన్నింగ్ షూస్‌తో బరువులెత్తకండి, అడుగు చదునుగా ఉన్న కాన్వాస్ బూట్లు చాలు.

జిమ్ బయట ఎత్తేవి

జిమ్‌లో ఇంత జాగ్రత్త పడి ఇంటికొచ్చి ఒంటిచేత్తో నీళ్ల క్యాన్ ఎత్తి స్టాండు మీద బోర్లించేవాళ్లను చూస్తుంటాను. అది 20 కిలోలు, పైగా ఒళ్లు మెలి తిప్పి. క్యాన్‌ను ముందు కుర్చీ మీదకు, అక్కడి నుంచి స్టాండు మీదకు, రెండు విడతల్లో పెట్టండి. లేదా ఒక ట్యాప్ పంపు కొనుక్కోండి.

గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు 40 కిలోలకు పైగా ఉండే టిక్కీని ఒక్కరే నేల మీంచి గుంజరు. ఇంకొకరు చెయ్యి వేసి వీపు మీదకు ఎక్కిస్తారు, అక్కడి నుంచి నడక. రోజంతా బరువులు మోసేవాళ్లే సాయం అడుగుతుంటే, బియ్యం బస్తా దగ్గర మనకు మొహమాటం దేనికి?

బండి మెయిన్ స్టాండ్ వేసేటప్పుడు చేతులతో లాగకండి. స్టాండు మీద పాదం పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేస్తే బండి దానంతటదే లేస్తుంది. ఎస్‌ఐ జాయింట్ నొప్పి ఉన్నన్నాళ్లు సైడ్ స్టాండే. గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది, ఖాళీ సిలిండరే మరో 15, 16 కిలోలు. నిండుది దాదాపు 30 కిలోలన్నమాట. దాన్ని ఎత్తొద్దు, కాస్త వంచి అడుగు అంచు మీద తిప్పుకుంటూ జరపండి. అపార్ట్‌మెంటులో లిఫ్టు పనిచేయని రోజైతే గేటు దగ్గర దించుకుని సంతకం పెట్టేయకుండా, డెలివరీ అబ్బాయితోనే వంటింటి దాకా పెట్టించుకోండి.